చేతికి ఖాళీ లేని ఇల్లు

పసుపు తొమ్మిది నెలల పంట. తొలకరికి విత్తనం పెడితే సంక్రాంతి దాటితే గానీ తవ్వకానికి రాదు. ఆ మధ్యకాలమంతా చేనులో ఆడవాళ్లకు పని ఉంటూనే ఉంటుంది. మూడు నాలుగు సార్లు కలుపు తియ్యాలి, సాళ్ల మధ్య వేసిన మక్క విరవాలి, ఆకు కొయ్యాలి, తవ్విన దుంపకు మట్టి దులిపి గోళ (తల్లి దుంప) నుంచి కాడి (కొమ్ము) వేరు చెయ్యాలి, ఉడికిన పసుపును కల్లంలో పరిచి తిరగేస్తూ ఆరబెట్టాలి. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు, వేల్పూరు, బాల్కొండ, మోర్తాడు, కమ్మర్‌పల్లి చుట్టుపక్కల ఈ పని ఎన్ని తరాలుగా సాగుతోందో అన్ని తరాలుగా ఆ చేల గట్ల మీద ఏడాది, రెండేళ్ల పిల్లలూ ఉన్నారు. పంట చరిత్ర మనకు కొంత దొరుకుతుంది. నిజామాబాద్ గంజ్‌లో క్వింటా ధర, మహారాష్ట్రలోని సాంగ్లీకి తోలుకుపోయిన లారీలు, మద్దతు ధర కోసం ఆర్మూరులో చేసిన రాస్తారోకోలు, 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీకి దిగితే అందులో 170 మందికి పైగా రైతులే కావడం, 2025 జనవరిలో మొదలైన జాతీయ పసుపు బోర్డు, ఇవన్నీ కాగితానికి ఎక్కాయి. గట్టు మీది పిల్ల ఎవరి చేతుల్లో పెరిగింది, ఏడిస్తే ఎవరు పలికారు అన్నది మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ లేదు. దాన్ని పని చరిత్రలోంచే ఏరుకోవాలి.

అలా ఏరుకుంటే తేలేది ఇదీ: ఈ ప్రాంతంలో పసివాళ్లకూ పెద్దవాళ్లకూ మధ్య నమ్మకం గట్టిపడినా, బీటలు వారినా, అందులో తల్లి మంచిచెడ్డల పాత్ర తక్కువ. ఆమె ఏ షరతుల మీద పని చేస్తోంది, ఆమె పక్కన ఇంకెన్ని తెలిసిన చేతులున్నాయి అన్నవే ఎక్కువగా దాన్ని నిర్ణయించాయి. తల్లి ఇల్లు దాటి పనికి పోవడం వల్ల బంధం చెడుతుందనే మాట పట్నపు ఇళ్లలో, పత్రికల శీర్షికల్లో తరచు వినిపిస్తుంది. ఆర్మూరు చరిత్ర చూస్తే ఆ మాటను దాదాపు తిరగేసి చెప్పాల్సి వస్తుంది. తల్లి చేనుకు పోయిన రోజుల కంటే, ఇంట్లోనే కూర్చుని పని చేసిన రోజుల్లోనే పిల్లకు ఆమె అందడం కష్టమైంది.

ముందు బంధం అంటే ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో ప్రేమకూ బంధానికీ తేడా చూడకుండా మాట్లాడేవాళ్లే ఎక్కువ. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్ల రోజంతా రెండు పనులు చేస్తుంది. కొంచెం దూరం పోయి కొత్తదాన్ని తడిమి చూస్తుంది, భయమేసినా దెబ్బ తగిలినా వెనక్కి పరుగెత్తి ఒకరి ఒళ్లో పడుతుంది. ఆ వెనక్కి వచ్చే చోటు ఖాయంగా ఉంటుందని పిల్లకు నమ్మకం కుదిరితే ముందుకు పోయే ధైర్యమూ వస్తుంది. ఇంగ్లండ్ వైద్యుడు జాన్ బౌల్బీ రెండో ప్రపంచయుద్ధం చెదరగొట్టిన పిల్లల స్థితి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో ఒక నివేదిక రాశాడు. తల్లి నుంచి ఎడబాటు పిల్ల మనసుకు ఎంత చేటో అందులో గట్టిగా చెప్పాడు. ఆ నివేదికను అడ్డం పెట్టుకుని ఆడవాళ్లు గడప దాటకూడదన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ బౌల్బీ చూసినవాళ్లలో చాలామంది అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో, తెలిసిన మొహం ఒక్కటీ లేకుండా నెలల తరబడి గడిపిన పిల్లలు. పొద్దున చేనుకు పోయి పొద్దుగూకే వేళకు తిరిగొచ్చే తల్లి బిడ్డకు ఆ తీర్పును అంటగట్టడం కుదరదు.

ఈ తేడాను చూపించింది బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్తే. ఆమె 1954లో ఉగాండా వెళ్లి, కంపాలా దగ్గరి పల్లెల్లో 26 మంది తల్లులను, 28 మంది పసిపిల్లలను వాళ్ల ఇళ్లకు పోయి నెలల తరబడి చూసింది. అక్కడి తల్లులు తోట పనికి పోయేవాళ్లు, పిల్లలను ఇంట్లో ఇంకొకరికి అప్పగించి వెళ్లేవాళ్లు. అయినా సగానికి పైగా పిల్లల్లో బంధం గట్టిగానే కనిపించింది. పెంచే చేతులు ఎక్కువైనంత మాత్రాన బంధం పలచబడలేదు. అయితే ఐన్స్‌వర్త్ లెక్కను మనకు అనువైన మేరకే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. తల్లి స్వయంగా పిల్లతో గడిపే వేళకు కూడా అక్కడ విలువ కనిపించింది. ఆ తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో మరిన్ని కుటుంబాలను దగ్గరగా చూశాక, గంటల కంటే పిల్ల పిలుపుకు పెద్దవాళ్లు ఎంత త్వరగా, ఎంత సరిగ్గా పలుకుతారన్నదే ముఖ్యమని ఆమె తేల్చింది. రెండూ కలిపి చదివితే, పలికే చేతులు కావాలి, అవి తెలిసినవై ఉండాలి, వాటికి కొంత తీరిక ఉండాలి. మన ప్రాంతపు చరిత్రను ఈ మూడింటి మీదా పెట్టి చూడొచ్చు.

ట్రాక్టర్లు, స్టీమ్ బాయిలర్లు రాకముందు పసుపు చేను ఎలా నడిచేదో చూద్దాం. నాగలితోనో గడ్డపారతోనో మగవాళ్లు దుంప లేపుతూ ముందుకు పోతే, వెనక వరసగా కైకిలి (కూలి) ఆడవాళ్లు కూర్చుని మట్టి దులిపేవాళ్లు. గట్టు మీద వేపకో తుమ్మకో పాత చీరతో తొట్టెల కట్టి ఉండేది. దాని పక్కనే కొంగు పరిచి, ఒళ్లు వంగని ముసలావిడ ఒకరు కాపలా. నడక వచ్చిన పిల్లలు ఆమె కంటపడే మేర తిరిగేవాళ్లు. పాలు తాగే పిల్ల ఏడిస్తే ముసలావిడ అక్కణ్నుంచే కేకేసేది, తల్లి సాలు వదిలి వచ్చి ఒళ్లోకి తీసుకునేది. ఆ కాసేపు ఆమె సాలును పక్కావిడ అందుకునేది. రోజు కూలి కాబట్టి ఈ సర్దుబాటు సాగింది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఇంత అని లెక్క, విరిచిన కాడికి లెక్క లేదు. రైతుకు కోపం రావచ్చు, మాట పడొచ్చు, కానీ పిల్లకు పాలిచ్చిన పావుగంటకు పైసలు కోసుకునే పద్ధతి మామూలుగా లేదు. గుత్తకు ఇచ్చిన పనిలో ఇది వేరేగా ఉండేదనుకోండి, అప్పుడు తొందర అందరిదీ. మొత్తం మీద కైకిలి పిల్లకు దక్కింది ఒక్క మనిషి రోజంతా చూపే శ్రద్ధ కాదు. తల్లి, నాయనమ్మ, మేనత్త, పక్కింటి అక్క, ఇలా నలుగురైదుగురు తెలిసిన మనుషులు దానికి ఎప్పుడూ అందుబాటులో ఉన్నారు. ఒడిశాలోని భువనేశ్వర్‌లో దశాబ్దాల పాటు కుటుంబాలను చూసిన అమెరికన్ పరిశోధకురాలు సూజన్ సీమోర్ 1999లో అచ్చయిన పుస్తకంలో నమోదు చేసింది కూడా ఈ పలుచేతుల పెంపకాన్నే.

ఇంతవరకు చదివి, ఆ పాత రోజులే బంగారమని ఎవరైనా అనుకుంటే తొందరపడినట్టే. మొదటి సంగతి, చేను యజమాని ఎవరన్నదాన్ని బట్టి గట్టు మీది తొట్టెల కథ మారిపోయేది. నిజాం కాలపు వెట్టిలో కూలీ లేదు, కాదనే హక్కూ లేదు. పాలిచ్చే తల్లిని కూడా దొర పొలం నుంచి కదలనివ్వలేదన్న ఫిర్యాదు 1946-51 తెలంగాణ సాయుధ పోరాటపు జ్ఞాపకాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ పోరాటం ఎక్కువగా నల్లగొండ, వరంగల్ వైపు సాగినా వెట్టి తెలంగాణ అంతటిదీ. తల్లీ బిడ్డల మధ్య దూరం ఎంతుండాలో అక్కడ పని పెట్టేవాడే తేల్చాడు. రెండో సంగతి ఉమ్మడి కుటుంబం. హైదరాబాద్ పక్కనున్న షామీర్‌పేట మీద ఎస్.సి. దూబే చేసిన అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది. పెళ్లయిన కొన్నేళ్లకే కొడుకులు వేరుపడటం అక్కడ మామూలేనని అది చదివితే తెలుస్తుంది. కాబట్టి పాత తెలంగాణ పల్లెలో ప్రతి పిల్ల చుట్టూ పది మంది ఉన్నారనుకోవడం సినిమా చూసి చెప్పే మాట. ఉన్నది ఒకే వాడకట్టులో వేరు వేరు పొయ్యిలు, మధ్యలో గోడ దూకి తిరిగే పిల్లలు.

మూడో సంగతి అన్నిటికంటే బరువైనది. ఆ పలుచేతుల్లో రెండు చేతులు ఏడెనిమిదేళ్ల అక్కవి. తమ్ముణ్ని సంకనేసుకుని తిరిగిన ఆ పిల్ల బడికి పోలేదు. పోయినా చెల్లెకు జ్వరమొచ్చిన రోజు, కలుపులు ముదిరిన వారం ఇంట్లోనే ఆగిపోయింది. పసిదాని నమ్మకానికి పెద్దదాని చదువు ఖర్చయింది. పెంపకపు పాత పద్ధతులను మెచ్చుకునే వ్యాసాలు ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోవు. శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిచేస్తూ, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రం పెట్టుకుంది. పసిపిల్లను ఎత్తుకోవడం కూడా పనేనని ఆ సూత్రంతో ఒప్పుకోక తప్పలేదు. అక్క బడికి పోవడం మంచే, అందులో రెండో మాట లేదు. కానీ ఆమె ఖాళీ చేసిన చోట ఎవరు నిలబడాలో ఆలోచించకుండానే ఊళ్లు ముందుకు పోయాయి. బంధం గురించి ఇప్పుడు పడే బెంగలో సగం ఆ ఖాళీ వల్ల పుట్టిందే.

బీడీ కథ ఇక్కడ మొదలవుతుంది. నిజామాబాద్, కరీంనగర్, మెదక్, ఆదిలాబాద్ పల్లెల్లో మగ్గాలు కూలబడిన పద్మశాలి ఇళ్లలోనూ, నేల చాలని ఇతర ఇళ్లలోనూ బీడీ చుట్టడం ఆడవాళ్ల ఇంటిపనిగా కుదురుకుంది. బయటి నుంచి చూస్తే పిల్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదనిపిస్తుంది. తల్లి ఇంట్లోనే ఉంది, ఎండ లేదు, వాన లేదు, మేస్త్రీ కేకలు లేవు. దగ్గరికి పోయి చూడాలి. ఒళ్లో చాట, చాటలో ఒక పక్క తంబాకు, ఒక పక్క రాత్రి నానబెట్టి తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఆకును రేకు కొలతకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు పరిచి చుట్టాలి, దారం కట్టాలి, కొస మడిచి నొక్కాలి. కట్టకు 25. వెయ్యి బీడీలంటే 40 కట్టలు. కూలి వెయ్యికి ఇంతని, గంటకు కాదు. చాట అంచు పట్టుకుని లేవబోయే ఏడాది పిల్ల చేతికి దారపు ఉండ తగులుతుంది, లాగుతుంది. తల్లి తలెత్తదు, మోచేత్తో పక్కకు జరుపుతుంది. పిల్ల మళ్లీ వస్తుంది. మూడోసారికి ఒక కసురు, లేదా చేతిలో ఒక మురుకు. ఆ తల్లికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆమె చూపు కట్ట మీద ఉంది, ఎందుకంటే బీడీ వదులైతే అవతల ఏరివేతలో పోతుంది, పోయినదానికి కూలి రాదు.

మనిషి ఎదురుగా ఉండి పలకకపోతే పసివాళ్లు ఏం చేస్తారో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగం చూపిస్తుంది. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన తల్లి రెండు నిమిషాల పాటు మొహంలో ఏ కదలికా లేకుండా కూర్చుంటుంది. పిల్ల నవ్వుతుంది, చేతులు చాపుతుంది, వేలు పెట్టి చూపిస్తుంది, చివరికి ఏడుస్తుంది, లేదా మొహం తిప్పేసుకుంటుంది. బీడీ ఇంటిని ఆ ప్రయోగంతో సరిపోల్చడంలో అన్యాయం ఉంది, ఒప్పుకుంటాను. చాట ముందు కూర్చున్న తల్లి రాయిలా ఉండదు, మాట్లాడుతుంది, పదం పాడుతుంది, నలుగురు ఆడవాళ్లు ఒక అరుగు మీద చేరితే పిల్లలకు అదో సందడి. పైగా అంతా సవ్యంగా ఉన్న తల్లీబిడ్డలు కూడా సగం వేళ కూడా ఒకరికొకరు తాళం కలపరని, తప్పిన తాళాన్ని మళ్లీ అందుకోవడంలోనే నమ్మకం పెరుగుతుందని ట్రోనిక్కే తర్వాత చెప్పాడు. బీడీ కూలి దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. రోజు కూలిలో తప్పినదాన్ని అందుకునే పావుగంట పక్కావిడ పుణ్యాన దొరికేది. వెయ్యికి ఇంత అన్న లెక్కలో ఆ పావుగంటకు ఖరీదు ఉంది, ఆ ఖరీదు తల్లి జేబులోంచే పోతుంది. పక్కావిడ చాట ఆమెది, ఈమె చాట ఈమెది. 

ఇలా చెప్పడం తల్లుల మీద ఇంకో నింద వెయ్యడమేనని ఒక అభ్యంతరం రావచ్చు. చట్టాల వైపు చూస్తే నింద ఎక్కడ పడాలో తెలుస్తుంది. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేసే కార్ఖానాలో పిల్లల కోసం విడిగా గది పెట్టాలంది. అంతకు ముందే 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆరేళ్ల లోపు పిల్లలకు అలాంటి ఏర్పాటు ఉండేది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లు కూడా ఉద్యోగులేనన్న ఆ 1966 చట్టాన్ని యజమానులు కోర్టులో సవాలు చేస్తే 1974లో సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది. గుర్తింపు కార్డు, భవిష్య నిధి, సంక్షేమ నిధి, ఇవన్నీ కొట్లాడిన వాళ్లకు కొంత మేర దక్కాయి. కానీ పిల్లల గది కార్ఖానా గోడల మధ్యే ఆగింది. పని ఇంటికి వచ్చినప్పుడు కంపెనీకి గది ఖర్చు తప్పింది, కరెంటు ఖర్చు తప్పింది, పిల్లను చూసే ఆయా జీతం తప్పింది. ఇంట్లోనే ఉంటుంది కదా, తన పిల్లను తనే చూసుకుంటుందన్న ఒక్క ఊహతో అదంతా తల్లి మీద పడింది.

బీడీతో పాటే మగవాళ్ల వలస పెరిగింది. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్ దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాయి. ఆ దశాబ్దం నుంచి ఆర్మూరు, మోర్తాడు, కమ్మర్‌పల్లి వైపు పల్లెల నుంచి మగవాళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ప్రతి 1000 మంది మగవాళ్లకు 1040 మంది ఆడవాళ్లు తేలారు. ఆయుర్దాయం లాంటి కారణాలు ఇంకా ఉన్నా, అంత తేడాలో వలస వాటా లేదనలేం. మామూలు వీసా ఒప్పందం రెండేళ్లు. పసితనంలో రెండేళ్లంటే నడక, మాట, నమ్మకం మూడూ కుదిరే కాలం. కడుపుతో ఉన్న భార్యను వదిలి విమానం ఎక్కినవాడు సెలవు మీద దిగేసరికి పిల్ల నాయనమ్మ చీర కుచ్చెళ్ల వెనక్కి పోతుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు, చాక్లెట్ ఆశ చూపి ముందుకు లాగుతారు. వారం పదిరోజులకు పిల్ల అలవాటు పడుతుంది, అంతలో సెలవు అయిపోతుంది. ఒకప్పుడు ఉత్తరాలు, తర్వాత క్యాసెట్లు, ఎస్టీడీ బూత్‌లు, ఇప్పుడు ఐఎంఓ వీడియో. ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్ వద్దన్న అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది, అవతలి మనిషి అప్పటికప్పుడు బదులు పలుకుతాడు కాబట్టి. తండ్రి మొహం, గొంతు గుర్తుండటానికి అది పనికొస్తుంది. పిల్ల పడి ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషే కావాలి.

ఆ మనిషి నాయనమ్మే కదా అంటారు. ఇక్కడ వయసుల లెక్క చూడాలి. పద్దెనిమిదేళ్ల లోపే పెళ్లిళ్లు జరిగిన ఊళ్లలో నాయనమ్మ అంటే నలభై, నలభై అయిదేళ్ల మనిషి. ఆమె ఒంట్లో సత్తువ ఉంది, ఆమె ఒళ్లోనూ చాట ఉంది, పసుపు తవ్వకాల్లో ఆమె కూడా కైకిలికి పోతుంది. వీసాకు చేసిన అప్పు ఉన్న ఇంట్లో పిల్ల కోసమని ఒక కూలి మానుకోవడం ఎవరికీ తేలిక కాదు. ఒళ్లు వంగక గట్టు మీద కూర్చున్న పాత ముసలావిడ స్థానం ఇప్పటి నాయనమ్మది కాదు. పైగా తవ్వకాల వేళ ఊరూరా కూలీల కరువు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చే కూలీలు వాళ్ల పిల్లలతోనే వస్తారు. చెట్టుకు కట్టిన వాళ్ల తొట్టెల దగ్గర ఇంకో పసిపిల్ల తప్ప కాపలా ఉండదు.

ఇదంతా పడమటి దేశాల మధ్యతరగతి తల్లులను చూసి కట్టిన సిద్ధాంతం, దాన్ని తెచ్చి మన పల్లె మీద రుద్దడం ఎందుకని ఇంకో అభ్యంతరం. ఇది తేలిగ్గా తోసేసేది కాదు. జర్మన్ పరిశోధకురాలు హైడీ కెల్లర్ ఇదే మాట గట్టిగా అంటుంది. పిల్లతో ఎదురుబొదురు కూర్చుని కబుర్లాడటమే మంచి పెంపకమనే కొలత పల్లెలకు నప్పదని, ఒంటి స్పర్శ, ఎత్తుకోవడం, నలుగురిలో కలుపుకోవడం కూడా పలకడమేనని ఆమె వాదన. నేను ఆ మాటకు ఒప్పుకుంటాను. సంకన ఉన్న పిల్ల వైపు తల్లి చూడకపోయినా, అది కదిలితే ఆమె ఒళ్లు సర్దుకుంటుంది. అది జవాబే. కానీ ఆ విమర్శ ఈ వాదానికి బలమే ఇస్తుంది. ఎత్తుకోవడమే మన పద్ధతైతే ఎత్తుకునే చేతులు ఖాళీగా ఉండటం ఇంకా అవసరం. 1988లో ఇద్దరు డచ్ పరిశోధకులు ఎనిమిది దేశాల నుంచి దాదాపు 2000 మంది పిల్లల ఫలితాలు కలిపి చూస్తే, దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడా కంటే ఒకే దేశం లోపల ఉన్న తేడా ఎక్కువగా తేలింది. పరిస్థితుల మాట ఎత్తకుండా సంస్కృతి పేరు చెప్పి ఊరుకోవడానికి ఆ లెక్క ఒప్పుకోదు.

మిగిలింది శిశుసంరక్షణ కేంద్రం మాట. పరాయి చేతుల్లో పెడితే పిల్ల మనసు విరిగిపోతుందనే భయానికి మూలం ఉంది. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఇంగ్లండ్‌లో తీసిన సినిమాలో ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఒంటరిగా ఉన్న రెండేళ్ల పిల్ల ఎలా ముడుచుకుపోయిందో చూసి డాక్టర్లే నమ్మలేకపోయారు. అక్కడ నర్సులు షిఫ్టు షిఫ్టుకూ మారారు, తల్లి రాక లెక్కగా జరిగింది. పగటిపూట తెలిసిన మనిషి దగ్గర ఉండి సాయంత్రం ఇంటికి వచ్చే పిల్ల సంగతి వేరు. అమెరికాలో 1991లో మొదలై వెయ్యికి పైగా పిల్లలను చూసిన పెద్ద అధ్యయనం ఇచ్చిన జవాబు సూటిగానే ఉంది: బయటి సంరక్షణ ఒక్కటే తల్లీబిడ్డల బంధాన్ని చెడగొట్టదు. అయితే ఇంట్లో పలుకు తక్కువై, బయటి సంరక్షణ కూడా నాసిగా ఉంటే చేటు జరుగుతుంది. మన అంగన్‌వాడీ ఆయమ్మకు ఇందులో ఒక మంచి ఉంది. ఆమె ఆ ఊరి మనిషి, పిల్ల ఆమెను బతుకమ్మ ఆడిన చోట, నల్లా దగ్గర రోజూ చూస్తుంది, పరాయిది కాదు.

కానీ అంగన్‌వాడీ తలుపు ఈ వయసుకు సగమే తెరుచుకుంది. 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచి కేంద్రంలో కూర్చుని ఆడేది మూడేళ్లు దాటిన పిల్లలు. మూడేళ్ల లోపు వాళ్లకు తిండి ఇంటికి వెళ్తుంది. తెలంగాణలో దాని పేరు బాలామృతం. బాలామృతం ఇంటికి వస్తుంది, ఆయమ్మ రాదు. ప్రసవం వైపు చూస్తే 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి 26 వారాల సెలవు ఇచ్చారు, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ గది తప్పనిసరి అన్నారు. అయిదెకరాల రైతు చేనులో కైకిలికి ఆ అంకెతో పని లేదు. అదే 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కేసీఆర్ కిట్‌లో మగపిల్లవాడికి 12,000, ఆడపిల్లకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. గర్భిణి కూలి మానుకున్న రోజులకు అది పరిహారమన్న మాట నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే పెంపకానికి ఖరీదు ఉందని అక్కడ ఒప్పుకున్నారు. అయితే ఆ డబ్బు ప్రసవం చుట్టూ, టీకాల దాకా. పిల్ల నడక నేర్చి, తొట్టెలలో నిలవక, చేను గట్టు దాటి బావి వైపు పోయే వయసు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. 2024లో కేంద్ర ప్రభుత్వం మూడేళ్ల లోపు పిల్లలతో ఏం ఆడాలో, ఎలా మాట్లాడాలో చెప్పే ‘నవచేతన’ అనే మార్గదర్శకం తెచ్చింది. చదివితే మంచి విషయాలే. చాట ముందున్న తల్లికి ఆట నేర్పే ముందు ఆమె రోజులో గంట ఎక్కడ ఖాళీ చేస్తారో అడగాలి.

ఈ ప్రశ్నకు ఒక చట్టం జవాబు రాసింది, పెద్దగా ఎవరూ గమనించలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకు మించో వస్తే, ఆ పనివాళ్లలోంచే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకూ మిగతావాళ్ల కూలే ఇవ్వాలని ఉండేది. గట్టు మీది ముసలావిడ చేసిన పనికి చట్టం కూలి కట్టింది. అమలు ఎలా జరిగిందన్నది వేరే సంగతి. పసుపు చేలకు ఆ నియమం వర్తించలేదు, అక్కడ పని పెట్టేది ఒక్కో రైతు, అతనికీ మిగిలేది అంతంతే. అయితే ఈ ప్రాంతానికి ఇంకో ఏర్పాటు ఉంది: గ్రామాభివృద్ధి కమిటీలు. మాట వినని ఇళ్లను వెలివేసిన చెడ్డపేరు వాటికి ఉంది, అందుకు కేసులూ నడిచాయి. అదే కమిటీలు వేలంపాటలతో డబ్బు పోగేసి గుళ్లు కట్టాయి, ఫంక్షన్ హాళ్లు లేపాయి, కూలి రేట్లు సైతం కూర్చుని తేల్చాయి. కూలి రేటు తేల్చే సభలోనే, తవ్వకాలు సాగే జనవరి నుంచి మార్చి దాకా పిల్లల్ని చూసే ఇద్దరు ఆడవాళ్ల కూలి కూడా తేల్చడానికి అడ్డేమీ లేదు. ఊరి ఫంక్షన్ హాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసే ఉంటుంది. ఆ ఇద్దరూ ప్రతి ఏడాదీ వాళ్లే అయితే మరీ మంచిది, వలస కూలీల పిల్లలనూ అందులోకి రానిస్తే ఇంకా మంచిది. బీడీ ఇళ్లకు మాత్రం ఇది చాలదు, అక్కడ పని పన్నెండు నెలలదీ. ఆ ఖర్చు కంపెనీల నుంచి రావాలి, 1966లో కార్ఖానా గోడ దగ్గర ఆపిన నియమాన్ని ఇంటి గడప దాకా పొడిగించాలి.